ఒంటరిగా ఉంటున్న పెద్దవారికి ఇంటి ఆరోగ్య పరికరాలు: ఏది ముందు, హెచ్చరిక వస్తే పలికేదెవరు?

దూరపుగుమ్మం:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 78. ఒక్కరే ఉంటున్నారు. ఇక ముందు కూడా తన ఇంట్లోనే, తన వేళల ప్రకారమే ఉంటానని స్పష్టంగా చెప్పారు. ఆ మాట నిలబడాలనే నాకూ ఉంది. ఆవిడకు రక్తపోటుతో పాటు గుండె బలహీనత కూడా ఉందని వైద్యులు చెప్పారు. కొంతకాలంగా మంచం మీద నుంచి లేచేటప్పుడు తూలుతున్నారు.

చేతి గడియారాలు, మెడలో వేసుకునే అలారం మీటలు, గోడకు బిగించే రాడార్లు, వేళకు మాత్రలు అందించే పెట్టెలు, రక్తపోటును నేరుగా ఫోనుకు పంపే యంత్రాలు, ఇలా చాలావాటి గురించి చదివాను. ఎవరి ప్రకటన చదివినా తమ పరికరం ఒక్కటీ ఉంటే చాలన్నట్టే ఉంది. నాకు కావలసింది వస్తువుల జాబితా కాదు. దేన్ని చూసి ఎంచుకోవాలి, ముందు ఏది అవసరం, పరికరం హెచ్చరించిన తరువాత జరగవలసినదేమిటి అన్నవి అనుభవం ఉన్నవారు వివరించాలని కోరుతున్నాను.

ఇంటింటినర్సు:

దూరపుగుమ్మం గారూ, పరికరాల వైపు నుంచి కాకుండా అమ్మగారి దినచర్య వైపు నుంచి మొదలుపెట్టండి. వృద్ధుల సంరక్షణలో ఉన్నవాళ్లం ఇప్పటికీ రెండు పాత కొలమానాలను వాడతాము. 1963లో కాట్జ్ బృందం ప్రచురించిన దానిలో స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల మీద అదుపు, స్వయంగా తినడం అనే ఆరు పనులుంటాయి. 1969లో లాటన్, బ్రోడీ రూపొందించిన దానిలో ఫోను వాడటం, వంట, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు లెక్కలు వంటివి ఉంటాయి. ఆవిడ వీటిలో ఏది సునాయాసంగా చేసుకుంటున్నారు, ఏది కష్టపడి చేసుకుంటున్నారు, ఏది మానేశారు అన్నది ఆవిడతోనే కూర్చుని రాసుకోండి. ఎక్కడ కష్టముందో తెలియకుండా కొన్న పరికరం నెల తిరగకముందే సొరుగులోకి చేరడం చాలా ఇళ్లలో చూస్తున్నాను.

మీరు రాసినవాటిలో నన్ను ఆపిన మాట, లేచేటప్పుడు తూలడం. పడిపోయాక కబురు పంపే పరికరం గురించి ఆలోచించే ముందు ఆ తూలుడుకు కారణం తెలుసుకోవాలి. అమ్మగారు అయిదు నిమిషాలు పడుకుని ఉన్నాక ఒకసారి, లేచి నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి రక్తపోటు చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే, నిలబడగానే రక్తపోటు పడిపోతోందని అర్థం. ఆ కొలత తీసేటప్పుడు పక్కన ఒక మనిషి తప్పక ఉండాలి. మందుల మోతాదు, వేళలు మార్చడంతోనే ఇది సర్దుకునే సందర్భాలున్నాయి. అయితే ఆ మార్పు వైద్యులే చేయాలి. మీ ఇంటికి మొదట రావలసింది పైచేతికి పట్టీ చుట్టే సాధారణ రక్తపోటు యంత్రం అని నా అభిప్రాయం.

నాడిపట్టు:

వైద్యుడిగా పై సలహాను పూర్తిగా సమర్థిస్తున్నాను. ఇంట్లో తీసే రక్తపోటు సరిగ్గా తీస్తే ఆసుపత్రిలో తీసినదానికన్నా ఎక్కువ చెబుతుంది. వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చున్నాక, పట్టీ గుండె ఎత్తులో ఉండేట్టు చూసుకుని, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. ఉదయం, సాయంత్రం అలా వారం పాటు చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీస్తే అది మందు నిర్ణయానికి పనికివస్తుంది. ఆసుపత్రిలో 140/90 హద్దుగా చూసేచోట ఇంటి కొలతలకు 135/85 హద్దుగా తీసుకుంటారు. పట్టీ చేతికి చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. పరికరం నాణ్యతను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 81060-2 ప్రకారం ధ్రువీకరణ పొందిన యంత్రమేనా అన్నది కొనేముందు చూడండి.

గుండె బలహీనత ఉన్నవారికి అంతకన్నా సులభమైన పరికరం మరొకటి ఉంది, అది బరువు తూచే యంత్రం. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, ఒంట్లో నీరు చేరుతోందనడానికి గుర్తు. రోజూ ఉదయం మూత్రవిసర్జన తరువాత, ఏమీ తినకముందు, ఒకే రకం దుస్తులతో తూచుకుంటే ఆయాసం ముదరకముందే వైద్యులకు తెలుస్తుంది.

దూరం నుంచి గుండె రోగులను గమనించే పద్ధతి మీద జరిగిన రెండు పెద్ద అధ్యయనాలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడాలి. అమెరికాలో జరిగి 2010లో వెలువడిన టెలి-హెచ్ఎఫ్ అధ్యయనంలో 1,653 మంది పాల్గొన్నారు. సగం మంది ప్రతిరోజూ ఒక యాంత్రిక ఫోను వ్యవస్థకు తమ బరువు, లక్షణాలు చెప్పాలి. మళ్లీ ఆసుపత్రిలో చేరడంలో గానీ మరణాల్లో గానీ తేడా కనబడలేదు, పైగా ఆ సగం మందిలో సుమారు ఏడో వంతు ఆ వ్యవస్థను ఒక్కసారి కూడా వాడలేదు. జర్మనీలో జరిగి 2018లో వెలువడిన టిమ్-హెచ్ఎఫ్2 అధ్యయనంలో 1,571 మంది ఉన్నారు. అక్కడ బరువు, రక్తపోటు, గుండె లయ, రక్తంలో ఆక్సిజన్ అంకెలు రోజూ ఒక కేంద్రానికి చేరేవి. ఆ కేంద్రంలో రాత్రింబగళ్లు వైద్యులు, నర్సులు ఉండి, రోగికి ఫోను చేసి, అవసరమైతే మందు మార్చేవారు. అనుకోకుండా ఆసుపత్రి పాలైన రోజులు, మరణం వల్ల కోల్పోయిన రోజులు కలిపి ఏడాదికి సగటున 24.2 నుంచి 17.8కి తగ్గాయి. ఆ రెండు అధ్యయనాల రోగులు ఒకే రకం కాదు, పరికరాలూ వేరు, కాబట్టి తేడా అంతటికీ ఒకే కారణం చెప్పడం సరికాదు. అయినా అంకె అందిన వెంటనే చదివి, ఆ పూటే ఏదో ఒకటి చేయగల మనిషి అవతల ఉన్నారా లేదా అన్నదే నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన తేడా.

మలిసంధ్య:

ఈ చర్చలో ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల తరఫున ఒకరైనా మాట్లాడాలని రాస్తున్నాను. నా వయసు 81. మోకాళ్లు అంతగా సహకరించకపోయినా నా పనులు నేనే చేసుకుంటాను. నాకు కూడా మెడలో వేసుకునే మీట ఉంది. ఎందుకు వేసుకోరని పిల్లలు అడిగేవారు, నర్సులు అడిగేవారు. కారణం మాత్రం ఎవరూ ఓపికగా వినేవారు కాదు.

ఆ మీట నొక్కితే సాయం వస్తుందన్నది నిజమే. కానీ ప్రతి నొక్కుడూ లెక్కలోకి ఎక్కుతుందని, అలాంటివి రెండు మూడు పోగైతే ఇల్లు వదిలి రమ్మంటారని లోపల ఒక భయం ఉంటుంది. కాసేపు ఆగితే నేనే లేవగలను అనిపిస్తుంది. రాత్రివేళ ఎవరినో నిద్ర లేపడం మర్యాద కాదనిపిస్తుంది. ఇది నా ఒక్కదాని మొండితనం కాదు. కేంబ్రిడ్జ్‌లో 90 ఏళ్లు పైబడినవారి మీద జరిగిన అధ్యయనం ఒకటి 2008లో వెలువడింది. అలారం ఉండి కూడా, ఒంటరిగా ఉన్నప్పుడు పడి లేవలేకపోయినవారిలో 80 శాతం మంది దాన్ని వాడలేదని అందులో తేలింది. మీట పనిచేయక కాదు, మనసు ఒప్పక.

అందువల్ల దూరపుగుమ్మం గారూ, మీ అమ్మగారికి పరికరం ఇచ్చే ముందు ఒక మాట ఇవ్వండి. మీట నొక్కడం ఆవిడ మీద ఎన్నటికీ సాక్ష్యంగా మారదని నోటితో చెప్పండి. నేను మా అబ్బాయితో అలా మాట్లాడుకున్నాకనే దాన్ని మెడలో వేసుకోవడం మొదలుపెట్టాను. నా బరువు, రక్తపోటు అతనికి కనబడతాయి. నేను ఎన్ని అడుగులు నడిచాను, ఎప్పుడు పడుకున్నాను అన్నవి కనబడవు. ఎవరికి ఏది కనబడాలో చెప్పినది నేనే.

సంకేతం:

మలిసంధ్య గారు చెప్పిన కారణం వల్లనే, ఏమీ నొక్కనక్కర్లేని పరికరాల మీద మా వంటి ఇంజనీర్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. వాటి బలమూ బలహీనతా రెండూ చెబుతాను.

చేతి గడియారంలో యాక్సిలరోమీటరు, అంటే కదలిక వేగంలో మార్పును కొలిచే భాగం, ఉంటుంది. శరీరం ఒక్కసారిగా కిందికి జారడం, గట్టిగా తాకడం, ఆపైన కదలిక లేకపోవడం అనే వరుసను అది పట్టుకుంటుంది. యాపిల్ 2018లో నాలుగో తరం గడియారంలో ఈ సదుపాయం తెచ్చింది. పడ్డాక సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే గడియారమే అత్యవసర సేవకు ఫోను చేస్తుంది. అయితే వయసు మళ్లినవారు తరచుగా దభాలున పడరు. గోడ పట్టుకుని, మంచం అంచు మీదుగా మెల్లగా జారి కూర్చుండిపోతారు. ఆ జారుడులో గట్టి తాకిడి ఉండదు కాబట్టి గడియారం దాన్ని గుర్తించకపోవచ్చు. ఇంకొక విషయం చాలామంది గమనించరు. గడియారాన్ని రాత్రి ఛార్జింగుకు పెట్టే అలవాటు ఉంటే, చీకట్లో మరుగుదొడ్డికి లేచే వేళ, అంటే దాని అవసరం బాగా ఉన్న వేళ, అది చేతికి ఉండదు. పగలు కుర్చీలో కూర్చుని విశ్రాంతి తీసుకునే సమయాన్ని ఛార్జింగుకు కేటాయించండి.

గోడకు బిగించే రాడార్లలో చాలావరకు 60 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలు పంపి, తిరిగి వచ్చినదాన్ని బట్టి గదిలో శరీరం ఏ ఎత్తులో ఉందో, ఎలా కదులుతోందో లెక్కిస్తాయి. వాటిలో కెమెరా ఉండదు, ముఖం తెలియదు, చీకటి అడ్డు కాదు, ఆవిరి ఉన్న స్నానాలగదిలో కూడా పనిచేస్తాయి. గదిలో ఇద్దరున్నప్పుడు, పెంపుడు జంతువులున్నప్పుడు పొరబడవచ్చు.

తప్పుడు హెచ్చరికల సంగతి కూడా చూడండి. ఒక పరికరం వారానికి ఒక్కసారే పొరపాటుగా మోగుతుందనుకుందాం, అది మంచి పరికరమే అనిపిస్తుంది. ఆ ఇంటి పెద్దావిడ ఏడాదికి ఒకసారి పడిపోతే, ఆ ఒక్క నిజమైన హెచ్చరిక యాభైకి పైగా అబద్ధపు హెచ్చరికల మధ్య వస్తుంది. అప్పటికి ఫోను ఎత్తేవారి చెవి మొద్దుబారి ఉంటుంది. ఎంత శాతం పడిపోవడాలను పట్టుకుంటుందని మాత్రమే అడిగి ఊరుకోకండి, ఏమీ జరగనప్పుడు ఎన్నిసార్లు మోగుతుందని కూడా అడగండి.

దీనికి భిన్నమైన దారి ఒకటి జపాన్‌లో 2001లో జోజిరుషి సంస్థ చూపించింది. నీళ్లు కాచే విద్యుత్ పాత్రను పెద్దవారు ఎప్పుడెప్పుడు వాడారన్న సమాచారం దూరాన ఉన్న కుటుంబానికి ఈమెయిలులో చేరేది. ప్రమాదాన్ని పట్టుకోవడం దాని పని కాదు, ఈ రోజూ ఎప్పటిలాగే గడుస్తోందన్న కబురు చేరవేయడమే పని. అలవాటైన వేళకు ఆ కబురు రాకపోతే కుటుంబమే ఫోను చేసి పలకరిస్తుంది. ఇంత తక్కువ చొరబడుతూ ఇంత ఉపయోగపడే ఆలోచన ఈ రంగంలో మళ్లీ అరుదుగా చూశాను.

ముంగిలి:

ఒప్పుకోవడం, మాట ఇచ్చుకోవడం గురించి మలిసంధ్య గారు రాసినది చదివి మనసు కదిలింది. కానీ అది అన్ని ఇళ్లకూ సరిపోదని చెప్పక తప్పదు. మా నాన్నగారికి జ్ఞాపకశక్తి తగ్గిపోతోంది. మెడలో మీట వేస్తే, అది ఏమిటో తెలియక తీసి పక్కన పెడతారు. ఉదయం ఒప్పుకున్నది సాయంత్రానికి గుర్తుండదు. ఆయన విషయంలో పనికివచ్చినవి తలుపుకు పెట్టిన సెన్సరు, రాత్రి కాలు కింద పెట్టగానే వెలిగే దీపాలు, వేళకు ఒక్క అర మాత్రమే తెరుచుకునే తాళం ఉన్న మందుల పెట్టె. కెమెరా పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆయనను ఒక్కరినీ వదలకుండా ఉండటం మాకు సాధ్యం కాదు, ఆయన ఆ ఇల్లు విడిచి ఉండలేరు.

మలిసంధ్య:

ముంగిలి గారూ, మీ పరిస్థితి వేరని అంగీకరిస్తున్నాను. అయినా నాన్నగారికి జ్ఞాపకం లేకపోయినా ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఎవరైనా తనను గమనిస్తున్నారని అనిపించినప్పుడు ఆయన ఇబ్బంది పడతారా, లేక ధైర్యం తెచ్చుకుంటారా అన్నది ఆయన ముఖం చూసి మీరే చెప్పగలరు. కెమెరా తప్పనిసరైతే వీధి తలుపు దగ్గర, వంటగది పొయ్యి దగ్గర పెట్టండి. పడకగదికి, స్నానాలగదికి ఏ వయసులోనూ కెమెరా వద్దు. ఇప్పుడిప్పుడే మరపు మొదలైనవారు ఉన్న కుటుంబాలకు నేను చెప్పేది, ఈ ప్రశ్నలు వారు స్పష్టంగా జవాబివ్వగలిగిన రోజుల్లోనే అడిగి రాసి పెట్టుకోండి.

నాడిపట్టు:

మందుల పెట్టె ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. రోజూ మారని మాత్రలకు అవి చక్కగా ఉపయోగపడతాయి. రక్తపరీక్షను బట్టి మోతాదు మారే వార్‌ఫరిన్ వంటి మందు ఉంటే, వైద్యులు మోతాదు మార్చిన రోజున పెట్టెలో ఇప్పటికే నింపిన మాత్రలను ఎవరు సరిచేస్తారో ముందే తేలాలి. మాత్ర పెట్టెలోంచి బయటకు వచ్చిందని మాత్రమే యంత్రం చెప్పగలదు, మింగారని చెప్పలేదు.

పల్స్ ఆక్సిమీటరు కొనాలని ఉన్నవారు దాని పరిమితి తెలుసుకోవాలి. అది వేలి గుండా వెలుతురు పంపి కొలుస్తుంది కాబట్టి చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో అది అసలుకన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపే అవకాశం ఎక్కువని 2020 డిసెంబరులో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. పరికరం బాగానే ఉందంటున్నా మనిషికి ఆయాసంగా ఉంటే, మనిషి మాటే నమ్మాలి. గడియారంలో వచ్చే ఈసీజీ కూడా అంతే. గుండె లయ తప్పడాన్ని అది బాగా పట్టుకోగలదు గానీ గుండెపోటును తేల్చలేదు. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు గడియారం వైపు చూస్తూ కూర్చోకూడదు.

దూరపుగుమ్మం:

మీ అందరి మాటలూ అమ్మగారికి చదివి వినిపించాను. రక్తపోటు యంత్రానికీ బరువు యంత్రానికీ వెంటనే ఒప్పుకున్నారు. మీట గురించి మలిసంధ్య గారి మాటలు రెండోసారి చదవమన్నారు. ఇక మిగిలిన ప్రశ్న, హెచ్చరిక వస్తే పలకవలసినది ఎవరు? నేను దూరంలో ఉన్నాను, వెంటనే చేరలేను. డబ్బు తీసుకుని రోజంతా ఫోనుకు పలికే కేంద్రాలు ఉన్నాయి. ఇరుగుపొరుగువారిని అడగడానికి మొహమాటంగా ఉంది.

ఇంటింటినర్సు:

మొహమాటపడకుండా అడగండి. కేంద్రం వారు మాట్లాడగలరు, అంబులెన్సును పంపగలరు, కానీ తలుపు తెరవలేరు. ఇంటి తాళం ఎవరి దగ్గర ఉంది అన్నదానికి జవాబు లేకపోతే మిగతా ఏర్పాటు అంతా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పడిపోయి గంటల తరబడి నేల మీద ఉండిపోతే కండరాలు దెబ్బతిని వాటిలోంచి వెలువడే విషపదార్థాలు మూత్రపిండాలను చేరతాయి, శరీరం చల్లబడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మం పుండు పడుతుంది. ఎముక విరగకపోయినా ఆ గంటలే ప్రాణం మీదికి తెస్తాయి. కాబట్టి నడిచి రాగలిగే దూరంలో కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవారు వస్తారు. తాళం చెవి వారిలో ఒకరి దగ్గర గానీ అంకెలతో తెరుచుకునే చిన్న గోడపెట్టెలో గానీ ఉంచండి. మందుల జాబితా, వైద్యుల ఫోను నంబరు తలుపు లోపలివైపు అతికించండి.

రోజువారీ అంకెలకు వేరే ఏర్పాటు కావాలి. బరువు పెరిగితే ఎవరికి చెప్పాలి, ఎన్ని కిలోలకు, ఏ వేళల్లో అన్నది వైద్యుల చేత ఒక కాగితం మీద రాయించుకోండి. అందులో హద్దులు అమ్మగారికి తగినట్టు ఉండాలి. పరికరం తయారీలో పెట్టి పంపిన హద్దులను అలాగే ఉంచితే అవసరం లేనప్పుడు మోగి, అవసరమైనప్పుడు ఊరుకుంటుంది.

సంకేతం:

చివరిగా సాంకేతికమైన రెండు విషయాలు చెప్పాలి, ఎందుకంటే వీటి గురించి అమ్మేవారు తమంతట తాము చెప్పరు.

మొదటిది మార్గం. మీట నొక్కిన సంకేతం ఏ దారిన వెళుతుంది? బ్రిటన్‌లో పాత రాగితీగల టెలిఫోను వ్యవస్థను 2027 జనవరి నాటికి మూసివేయడానికి గడువు పెట్టుకున్నారు. కొత్త లైన్లకు మారినప్పుడు కొందరి అత్యవసర అలారాలు పనిచేయడం మానేశాయని బయటపడ్డాక, 2023 డిసెంబరులో ప్రభుత్వమూ టెలిఫోను సంస్థలూ కలిసి, అలాంటివారికి తగిన రక్షణ ఖాయమయ్యేవరకు ఇష్టం లేనివారిని బలవంతంగా మార్చడం ఆపాలని ఒక ఒడంబడికకు వచ్చాయి. పాత రాగితీగ తనతోపాటు విద్యుత్తును కూడా తెచ్చేది. ఇంటర్నెట్ పెట్టెకు ఇంటి విద్యుత్తు కావాలి, కరెంటు పోతే అదీ పోతుంది. కాబట్టి మీట సంకేతాన్ని అందుకుని కేంద్రానికి ఫోను కలిపే అలారం పెట్టెకు సొంత బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, లోపల మొబైల్ సిమ్ ఉందా, అది ఏ తరం నెట్‌వర్క్ మీద పనిచేస్తుంది, కేంద్రంతో సంబంధం తెగిపోతే ఆ సంగతి తానే ఎవరికైనా తెలియజేస్తుందా అన్నవి రాతపూర్వకంగా అడగండి. చివరి ప్రశ్నకు లేదు అన్న జవాబు వస్తే ఆ పరికరం కొనవద్దు.

రెండవది శబ్దం. వయసుతో ముందుగా తగ్గేది సన్నని, కీచుమనే శబ్దాలు వినే శక్తి. చాలా పరికరాలు 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దంతో మోగుతాయి. నిద్రలో ఉన్న, వినికిడి తగ్గినవారిని 520 హెర్ట్జ్ మంద్ర శబ్దం బాగా లేపుతుందని పొగ అలారాల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. అందుకే అమెరికా అగ్నిభద్రతా నియమావళిలో హోటళ్ల వంటి కొన్ని రకాల భవనాల పడకగదుల అలారాలకు ఆ స్థాయినే నిర్దేశించారు. మందు వేళను గుర్తుచేసే మోతను అమ్మగారికి వినిపించి ఎంచుకోండి. మీకు వినబడటం ఆవిడకు వినబడటం కాదు.

ఇంటింటినర్సు:

సంకేతం గారి మాటలకు ఒక్క చేర్పు. నెలకోసారి మీటను పరీక్షించమని కేంద్రాలవారు చెబుతారు, చాలామంది హాల్లో కుర్చీలో కూర్చుని నొక్కి చూసి సరేననుకుంటారు. మీరు వెళ్లినప్పుడు మీరే ఆ మీటను మెడలో వేసుకుని, స్నానాలగది నేల మీద కూర్చుని, తలుపు వేసి, కుళాయి తిప్పి నొక్కండి. అవతలివారి మాట మీకు, మీ మాట అవతలివారికి వినబడకపోతే పెట్టెను ఆ గదికి దగ్గరగా జరపాలి, లేదా రెండో స్పీకరు పెట్టించాలి.